పుట్టావు గనుక లెక్క చూసుకో: యూదుల ముసార్ బాట

మనిషి పుట్టడం మేలా, అసలు పుట్టకపోవడం మేలా? సుమారు రెండు వేల ఏళ్ల కిందట హిల్లెల్, షమ్మయి అనే ఇద్దరు గురువుల శిష్యులు ఈ ప్రశ్న మీద రెండున్నరేళ్లు వాదించుకున్నారని యూదుల ధర్మచర్చల మహాగ్రంథం తాల్ముద్ చెబుతుంది. చివరికి ఓట్లు లెక్కపెట్టారు. పుట్టకపోయి ఉంటేనే బాగుండేదని తేలింది. అక్కడితో ఆగి ఉంటే అది నిరాశావాదం అయ్యేది. కానీ ఆ తీర్మానానికే ఇంకో ముక్క చేర్చారు: ఎలాగూ పుట్టాడు గనుక, తన పనులను తరచి చూసుకోవాలి. చేసినవాటిని అని కొందరు, చేయబోయేవాటిని అని ఇంకొందరు వివరించారు.

సృష్టి అంతా చాలా మంచిగా ఉందని దేవుడే అన్నాడని మొదటి అధ్యాయంలో చెప్పుకునే మతం ఇది. ఆ మతం పండితులే ఇలా తేల్చి, దాన్ని దాచకుండా గ్రంథానికి ఎక్కించారు. జీవితానికి అర్థం ఏమిటని అడిగేవాళ్లకు యూదు బోధన ఇచ్చే జవాబు ఆ రెండో ముక్కలోనే ఉంది. ఎందుకు పుట్టాననే ప్రశ్నను అది కొట్టిపారేయదు. రెండున్నరేళ్ల వాదన తర్వాత పక్కన పెడుతుంది. ఈ రోజు ఎవరికి ఏం బాకీ ఉన్నాను, ఎక్కడ తప్పాను అన్న లెక్క దగ్గరికి మనిషిని తెస్తుంది. 19వ శతాబ్దపు లిథువేనియాలో పుట్టిన ముసార్ ఉద్యమం ఆ లెక్కనే ఒక శిక్షణగా మార్చింది. ముసార్ అంటే నీతిశిక్షణ అనుకోవచ్చు.

దానికి పునాదులు అంతకు ముందే ఉన్నాయి. కోర్దోబాలో పుట్టి ఈజిప్టులో స్థిరపడిన వైద్యుడు, ధర్మశాస్త్రవేత్త మైమోనిదీస్ (1138–1204) ఒక లెక్క అడిగాడు. చేతిలో వెయ్యి బంగారు నాణేలున్నాయి. అర్హుడైన ఒక్కడికి వెయ్యీ ఇవ్వడం మంచిదా, వెయ్యి మందికి వెయ్యిసార్లు ఒక్కో నాణెం ఇవ్వడం మంచిదా? రెండోదే అన్నాడు. ఒక్కసారి ఇచ్చినవాడిలో ఉదారత ఒక్కసారి లేచి అణిగిపోతుంది, వెయ్యిసార్లు చెయ్యి చాచినవాడికి ఇవ్వడమే స్వభావం అవుతుంది. అందుకునేవాళ్ల అవసరం కోణంలో చూస్తే ఈ జవాబుతో పేచీ పెట్టుకోవచ్చు. ఆయన ఇక్కడ మాట్లాడుతున్నది మాత్రం ఇచ్చేవాడి గుణం ఎలా తయారవుతుందన్న దాని గురించి. పశ్చాత్తాపానికి ఆయన పెట్టిన పరీక్ష ఇంకా కఠినం. ఏ తప్పు చేశావో అదే తప్పు చేసే అవకాశం మళ్లీ రావాలి, చేసే సత్తువ ఉండాలి, భయం వల్లో బలహీనత వల్లో కాకుండా, మారినందువల్లే మానుకోవాలి. అప్పుడే అది పూర్తయినట్టు. ఏడుపుకీ ఉపవాసానికీ అక్కడ మార్కులు లేవు.

యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినం గురించి రెండో శతాబ్దం ముగిసేసరికి కూర్చిన మిష్నా అనే యూదు ధర్మసంహిత చెప్పేదీ ఇదే దారి. దేవుడి పట్ల చేసిన తప్పులకే ఆ రోజు పరిహారం. పొరుగువాడికి చేసిన అన్యాయం, వాడిని వెళ్లి సమాధానపరిచేదాకా అలాగే ఉంటుంది. వాడు క్షమించకపోతే మూడుసార్లు మనుషులను వెంటబెట్టుకుని వెళ్లి అడగాలని తర్వాత మైమోనిదీస్ వివరించాడు. అప్పటికీ ఒప్పుకోకపోతే తప్పు అటువైపు మారుతుంది. ఏడాదిలోకెల్లా పవిత్రమైన రోజు కూడా పక్కింటి గుమ్మం తొక్కకుండా పనిచేయదన్నమాట.

ఇటలీలోని పాదువాలో 1707లో పుట్టిన మోషె హయ్యిం లుజ్జాత్తో 1740లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. ముసార్ వాళ్లకు తర్వాత అదే పాఠ్యపుస్తకం అయింది. ఇందులో కొత్తవేమీ లేవు, అన్నీ అందరికీ తెలిసినవే, తెలిసినవి కాబట్టే ఎవరూ పట్టించుకోరు అని ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. జీవిత పరమార్థాన్ని తేల్చడానికి ఆయనకు ఒక్క అధ్యాయం చాలింది: దేవుడి సాన్నిధ్యంలోని ఆనందమే గమ్యం, ఈ లోకం దాన్ని సంపాదించుకునే చోటు, పేదరికమూ పరీక్షే, ఐశ్వర్యమూ పరీక్షే. మిగతా పుస్తకమంతా మెట్లే. జాగరూకతతో మొదలై పవిత్రత దాకా వెళ్లే మెట్లు. గమ్యానికి ఒక అధ్యాయం, నడకకు పాతిక. యూదు బోధన బరువు ఎటువైపు వేస్తుందో ఆ పంపకమే చెబుతుంది.

ఇక అసలు మనిషి. ఇశ్రాయేల్ లిప్కిన్ 1809లో లిథువేనియాలోని జగారెలో పుట్టాడు. సలాంట్ అనే ఊళ్లో చదువుకున్నాడు గనుక సలాంటర్ అన్న పేరు స్థిరపడింది. అక్కడ జుండెల్ అనే గురువు ఉండేవాడు. రబ్బీ (మతగురువు) ఉద్యోగం వద్దని చిన్న వ్యాపారంతో బతుకుతూ, పొలాల వెంట ఒంటరిగా తిరుగుతూ తనలో తాను మాట్లాడుకునే మనిషి. కుర్రాడు చాటుగా వెనకాలే వెళ్లేవాడట. ఒకరోజు ఆయన వెనక్కి తిరిగి, నీతి చదువుకో, దైవభీతి ఉన్నవాడివి అవుతావు అన్నాడట. సలాంటర్ 1840 ప్రాంతంలో విల్నా (ఇప్పటి విల్నియస్) చేరి, వర్తకులనూ పనివాళ్లనూ కూర్చోబెట్టి నీతిగ్రంథాలు చదివించడం మొదలుపెట్టాడు. పండితుల మధ్య మాత్రమే కాదు, అంగళ్ల మధ్య.

ఆయన గురించి చెప్పుకునే కథల్లో రెండు ఉద్యమం మొత్తానికి తాళంచెవి లాంటివి. ఒకటి చేతులు కడుక్కోవడం గురించి. రొట్టె తినే ముందు చేతుల మీద నీళ్లు పోసుకోవడం యూదుల నియమం, ధారాళంగా పోసుకోవడం పుణ్యం. ఒక ఇంట్లో భోజనానికి కూర్చున్న సలాంటర్ శాస్త్రం ఒప్పుకునే కనీసం నీళ్లతో సరిపెట్టాడు. ఇదేమిటని అడిగితే, ఆ నీళ్లు బావి నుంచి మోసుకొచ్చేది పనిపిల్ల, ఆమె భుజాల మీద నేను పుణ్యం చేసుకోను అన్నాడట. రెండోది పస్కా పండగకు పులియని రొట్టెలు కాల్చే చోట. పిండి ఎక్కడా పులియకుండా కాపలా కాయడానికి వెళుతున్న శిష్యులు, ఏ విషయంలో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని అడిగారు. పిండి పిసికే ఆమె విధవరాలు, తొందరపెట్టి అరవకండి అన్నదే జవాబు. ఇవి అక్షరాలా జరిగాయా అన్నది వేరే సంగతి. ఎదుటివాడి ఆకలి నా ఆధ్యాత్మిక సమస్య అన్న అర్థం వచ్చే మాట కూడా ఆయన పేరు మీదే చలామణిలో ఉంది. ఆధ్యాత్మికంగా ఎదగడమంటే ఏమిటో ఈ సంప్రదాయం కొలిచే కొలబద్ద అదే. ఆ కథల్లో నీళ్లు మోసే పిల్లా, పిండి పిసికే విధవరాలూ ఉంటారు గానీ వాళ్ల ముసార్ ఏమిటో ఎవరూ రాయలేదన్నది కూడా చూడాలి. బడులన్నీ మగవాళ్లవే.

తెలుగు పాఠకుడికి ఇక్కడ వేమన గుర్తుకొస్తాడు. ఆత్మశుద్ధి లేని ఆచారమదియేల అన్న మాట సలాంటర్ నోట వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. కానీ ఇద్దరూ అక్కడినుంచి చెరో దారి పడతారు. వేమన ఆచారాన్ని ఎత్తిపొడిచి పక్కకు నెడతాడు. సలాంటర్ ఆచారంలో పిసరు కూడా తగ్గించడు. కోడిగుడ్డులో రక్తపు చుక్క కనిపిస్తే తినొచ్చా లేదా అని రబ్బీ దగ్గరికి పరుగెత్తే మనిషి, తూకంలో మోసానికీ కోపానికీ పరువు తీసే మాటకీ అంతే వణకాలన్నది ఆయన వాదం. నీతిని మంచితనం కోటా నుంచి తీసి చట్టం కోటాలో వేశాడు. 1848లో విల్నాలో కలరా వచ్చినప్పుడు ప్రాయశ్చిత్త దినాన ఉపవాసం ఉండొద్దని ప్రకటించాడు. జనం ముందే తానూ తిన్నాడన్న కథ ఉంది, వివరాల మీద ఏకాభిప్రాయం లేదు. అదీ ఆయన దృష్టిలో చట్టాన్ని మీరడం కాదు. ప్రాణం కాపాడమన్న చట్టాన్ని పాటించడమే.

ఆయన మనసును చదివిన తీరు కాలానికి ముందుంది. మనిషిలో వెలుగులో ఉన్న శక్తులు కొన్ని, చీకట్లో ఉన్నవి కొన్ని అన్నాడు, ఫ్రాయిడ్ కంటే కొన్ని దశాబ్దాల ముందే. ఉదాహరణకు ఒక గురువు. కొడుకు దారితప్పాడు, మొహం చూడ్డానికే ఇష్టం లేదు. శిష్యుడంటే ప్రాణం. ఇద్దరూ ఒకే ఇంట్లో నిద్రపోతుండగా అర్ధరాత్రి నిప్పంటుకుంది. నిద్రలోంచి ఉలిక్కిపడి లేచిన గురువు ముందు ఎవరి వైపు పరుగెత్తుతాడు? కొడుకు వైపే. పగలంతా తెలిసిన ప్రేమ వెలుగులోది, రాత్రి కాళ్లను పరుగెత్తించింది చీకటిలోది. మంచి మాటలు విని బుద్ధిగా తలూపేది పై పొర. కోపం, అసూయ, పేరాశ ఉండేది కింద. కాబట్టి ఉపన్యాసాలతో పని జరగదు.

మరి ఎలా? ఒకే వాక్యాన్ని రాగం తీస్తూ, గట్టిగా, కన్నీళ్లొచ్చేదాకా పదేపదే చదవడం. అందుకోసం చదువుల గదికి వేరుగా ముసార్ గది ఏర్పాటు చేశారు. మునిమాపు వేళ ఒక్కొక్కరూ తమకు తగిలిన వాక్యం పట్టుకుని లోపలి వరకూ దిగేలా అనుకునేవాళ్లు. ఆ తర్వాత అలవాటు. ముందు చెడు ప్రేరణను బలవంతంగా అణచిపట్టడం, చాలా కాలానికి దాని స్వభావాన్నే మార్చడం. మొదటిది దాటకుండా రెండోది రాదని సలాంటర్ పట్టుబట్టాడు. 1858లో ప్రకటించిన ఆయన లేఖ ఈ పద్ధతికి మూలపత్రం.

లెక్క పుస్తకం వేరేచోటి నుంచి వచ్చింది. సతనోవ్‌కు చెందిన మెండెల్ లెఫిన్ 1808లో ఒక పుస్తకం ప్రకటించాడు. పదమూడు గుణాలు, ఒక పట్టిక, రోజుకో గడి, తప్పినప్పుడల్లా ఒక చుక్క. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో వివరించిన పట్టికే దీనికి మూలం. ఫిలడెల్ఫియాలోని అచ్చాఫీసు యజమాని స్వయంకృషి సూత్రం తూర్పు యూరప్ యూదుల సాధనగా మారింది. సలాంటర్ ఆ పుస్తకాన్ని 1840లలో విల్నాలో మళ్లీ అచ్చు వేయించాడు. ఎక్కడిదైతేనేం, పనికొస్తే తీసుకున్నారు. లెఫిన్ జాబితాలో నిబ్బరం, ఓర్పు, క్రమం, శుభ్రత, వినయం, పొదుపు, మౌనం, సత్యం లాంటివి ఉన్నాయి. భక్తి అని ఒక గడి లేదు.

నీతిని చట్టంగా మార్చడం అంటే ఏమిటో దగ్గరగా చూడాలంటే చాడీల సంగతి పట్టుకోవాలి. రాదిన్ అనే ఊళ్లో ఉండే ఇశ్రాయేల్ మేయిర్ కగాన్ 1873లో పరనిందకు సంబంధించిన నియమాలన్నీ ఒకచోట చేర్చి పుస్తకం వేశాడు. ఆయన అసలు పేరు మరుగున పడి హఫెత్స్ హయ్యిం అన్న ఆ పుస్తకం పేరే ఆయన పేరైంది. ముసార్ బడులకు చెందినవాడు కాకపోయినా ఆ గాలి పీల్చినవాడే. ఆయన ప్రకారం అబద్ధం చెప్పడం వేరే నేరం. పరనింద అంటే నిజం చెప్పి పరువు తీయడం. విన్నవాడికీ ఆ తప్పులో వాటా ఉంది.

పెళ్లిసంబంధాల సంగతీ ఆయన ప్రత్యేకంగా చర్చించాడు. అమ్మాయి తరఫువాళ్లు అబ్బాయి గురించి వాకబు చేస్తూ పక్కింటికి వచ్చారనుకుందాం. ఆ ఇంటాయనకు ఒక సంగతి తెలుసు. చెప్పవచ్చా? కళ్లారా చూశాడా, ఎవరో అంటే విన్నాడా? అది నిజంగా లోపమేనా, తన కంటికి అలా కనిపించిందా? గోరంతను కొండంత చేయకుండా చెప్పగలడా? అమ్మాయి వాళ్ల మేలు కోసమా, పాత కక్ష ఏమైనా ఉందా? నోరు విప్పకుండా అదే మేలు జరిగే దారి ఇంకేదైనా ఉందా? చెబితే అబ్బాయికి న్యాయంగా జరగాల్సిన దానికంటే ఎక్కువ నష్టం జరుగుతుందా? ఇవన్నీ దాటితే చెప్పవచ్చు. దాచిన తీవ్రమైన జబ్బు లాంటిదైతే చెప్పకపోవడమే తప్పు. మనకు బాగా అలవాటైన ఇంకో పద్ధతి ఉంది: వాళ్ల సంగతి నన్నడక్కండి, నాకెందుకొచ్చింది అని పెదవి విరిచి ఊరుకోవడం. ఒక్క మాట అనకుండా కొంప ముంచే ఈ విద్యను మైమోనిదీసే పసిగట్టి, పరనిందకు అంటిన ధూళి అని నిషేధించాడు. గిట్టనివాళ్ల ముందు ఒకరిని పొగడటం కూడా అందులోకే వస్తుంది, వాళ్లు వెంటనే తిట్టడం మొదలుపెడతారు గనుక.

సలాంటర్ 1883లో కోనిగ్స్‌బర్గ్‌లో చనిపోయాక శిష్యులు మూడు దారులు పట్టారు. కెల్మ్‌లో సింహా జిస్సెల్ జీవ్ క్రమశిక్షణ, ఏకాగ్రత మీద నడిపాడు. స్లబోద్కాలో నోస్సోన్ జ్వి ఫింకెల్ (1849–1927) పాపం గురించి తగ్గించి, మనిషి ఎంత గొప్పవాడో చెప్పమన్నాడు. దేవుడి పోలికలో పుట్టినవాడు చిల్లరగా ప్రవర్తించకూడదని, శిష్యులు చక్కగా దుస్తులు వేసుకుని తలెత్తి నడవాలని ఆయన పట్టింపు. నొవార్దోక్ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ 1896లో బడి పెట్టిన యోసెఫ్ యోజెల్ హొరొవిట్జ్, నలుగురూ ఏమనుకుంటారో అన్న భయమే మనిషికి సంకెళ్లన్నాడు. అందుకే శిష్యులను మందుల షాపుకు పంపి మేకులున్నాయా అని అడిగించేవాడు. నవ్వులపాలైనా చావరని తెలియడానికి. మందుల షాపులో మేకులు అడగగలిగినవాడు రేపు సంతలో అన్యాయాన్ని కూడా పదిమంది ముందు కాదనగలడని ఆశ. ఆయన 1919లో కీవ్‌లో టైఫస్ రోగులకు సేవ చేస్తూ అదే జబ్బుతో పోయాడు. విపరీతపు పద్ధతి అనిపించినా, నడిపినవాడు తాను మాత్రం వెనక నిలబడలేదు.

వ్యతిరేకతా గట్టిగానే వచ్చింది. 1897లో లిథువేనియా రబ్బీలు కొందరు ముసార్‌ను బహిరంగంగా ఖండించారు. స్లబోద్కా బడి ఆ ఏడాదే రెండుగా చీలింది. తోరా (యూదుల ధర్మశాస్త్రం) చదువే అన్నిటికీ మందు, దానికి పక్కన ఇంకో మందు ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. బ్రిస్క్‌కు చెందిన హయ్యిం సోలోవేచిక్ ముసార్‌ను ఆముదంతో పోల్చాడని చెబుతారు: కడుపు చెడినవాడు తాగితే కుదుటపడతాడు, ఆరోగ్యంగా ఉన్నవాడు తాగితే జబ్బుపడతాడు. ఈ మాటలో నిజం ఉంది. రోజూ రాత్రి తన తప్పులకు చుక్కలు పెట్టుకునేవాడు దిగులులోకి జారడం సులభం, ఎంత వినయం వచ్చిందో చూసుకుని మురిసిపోవడం అంతకంటే సులభం. భక్తికీ ఆనందానికీ పెద్దపీట వేసే యూదు వర్గం హసీదులైతే దిగులే అన్నిటికంటే పెద్ద ఉచ్చు అన్నారు. వాళ్ల రబ్బీ జూస్యా చెప్పాడన్న మాట ప్రసిద్ధం: పైలోకంలో నువ్వు మోషేలా ఎందుకు కాలేదని నన్నడగరు, జూస్యాలా ఎందుకు కాలేదని అడుగుతారు.

ముసార్ తనలో తాను మునిగిపోకుండా కాపాడిన ఆలోచన కెల్మ్‌లో చదివిన ఎలియాహు డెస్లర్ (1892–1953) నుంచి వచ్చింది. ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో, తర్వాత ఇజ్రాయెల్‌లోని బ్నెయ్ బ్రాక్‌లో బోధించాడు. ప్రేమ ఉంటే ఇస్తామని అందరూ అనుకుంటారు, నిజానికి ఇచ్చినచోట ప్రేమ పుడుతుంది అన్నాడు. మనిషికి ఎంపిక ఉండేది కూడా యుద్ధంలో రెండు సేనలు తలపడే గీత దగ్గరే అన్నాడు. దొంగల ఇంట పెరిగినవాడికి దొంగతనం చేయాలా వద్దా అన్నది ప్రశ్నే కాకపోవచ్చు. పట్టుబడినప్పుడు మనిషిని కొట్టాలా వద్దా అన్నది వాడి యుద్ధం. అక్కడ ఆగితే వాడు గెలిచినట్టే, గీత ఒక అడుగు ముందుకు జరుగుతుంది. పక్కవాడితో పోల్చి ఎవరు ఎక్కువ ధర్మాత్ములో తేల్చడం దీంతో అర్థం లేనిదవుతుంది. ఒక్కొక్కరి గీత ఒక్కో చోట. జీవిత పరమార్థం అనే పెద్దమాటకు యూదు ఆలోచనలో దొరికే అత్యంత పనికొచ్చే జవాబు ఇదే అనిపిస్తుంది.

యూదు బోధన అంటే తెలుగునాట చాలామందికి చర్చిలో చదివే పాత నిబంధన వరకే. అయితే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీం అనే చిన్న సమాజం షబ్బాత్ అనే శనివారపు విశ్రాంతి దినం పాటిస్తూ, తాము ప్రాచీన ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయీం గోత్రపు వారసులమని చెప్పుకుంటోంది. వాళ్లు మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల విషయంలో మతం, గౌరవం, కులం మీద తిరుగుబాటు విడదీయలేనంతగా కలిసిపోయాయి. ముసార్‌తో నేరుగా సంబంధం లేదు గనుక ఆ చర్చ ఇక్కడ పెట్టుకోనక్కర్లేదు.

లిథువేనియా యూదుల్లో నూటికి తొంభైమందికి పైగా రెండో ప్రపంచయుద్ధ కాలంలో నాజీల చేతుల్లో, వాళ్లకు తోడైన స్థానికుల చేతుల్లో హతమయ్యారు. వాళ్లతోపాటే ముసార్ బడులూ పోయాయి. మిగిలినవాళ్లు ఇజ్రాయెల్, అమెరికాల్లో మళ్లీ మొదలుపెట్టారు. ఈ శతాబ్దంలో అలాన్ మోరినిస్ లాంటివాళ్లు సంప్రదాయ వర్గాల బయటికి కూడా దాన్ని తెచ్చారు. ఒక్కొక్కరికీ తమదైన పాఠ్యప్రణాళిక ఉంటుందని, ఏ గుణం దగ్గర పదేపదే బోర్లాపడుతున్నామో అదే ఆ ప్రణాళిక అని మోరినిస్ అంటాడు. తోడుగా చదివే ఒక మనిషి, నెలకోసారో పక్షానికోసారో కూడే ఒక చిన్న బృందం, ఒక నోటుపుస్తకం. ఇప్పటి పద్ధతి స్థూలంగా ఇంతే.

పోగొట్టుకున్నదీ ఉంది. పాత ముసార్‌లో ఓర్పు అన్నది ఆజ్ఞ. ఎవరికో బాకీ ఉన్నందువల్ల తీర్చాల్సినది. చట్టం, ఆజ్ఞ తీసేశాక మిగిలే ఓర్పు మనశ్శాంతికి చిట్కాగా మారే ప్రమాదం ఉంది, అంటే లెఫిన్ అరువు తెచ్చిన పట్టిక మళ్లీ ఫ్రాంక్లిన్ చేతికే చేరినట్టు. తేడా తెలుసుకోవడానికి నోటుపుస్తకమే చూడాలి. ఓర్పు వంతు వచ్చిన వారం రాత్రిపూట రాసుకున్న వాక్యం “ఈ రోజు ప్రశాంతంగా ఉన్నాను” అని ఉంటే అది తన గురించి. “బిల్లు కౌంటర్ దగ్గర చిల్లర వెతుక్కుంటున్న పెద్దాయన మీద విసుక్కున్నాను, ఆయన చేతులు ఇంకా వణికాయి” అని ఉంటే అది సలాంటర్ అడిగిన లెక్క. ఆ వారం ఓర్పు వచ్చేసిందా అని ఎవరూ తేల్చరు. పై వారం ఇంకో గుణం, దాని తర్వాత ఇంకొకటి. లెఫిన్ లెక్క ప్రకారం పదమూడు వారాలకు ఓర్పు మళ్లీ వస్తుంది, ఏడాదికి నాలుగుసార్లు.